ఇరవై నాలుగు చదరపు అడుగులు

శుక్రవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు దేవీ కాంప్లెక్సు ముందు స్కూటరు ఆపాను. వెనక కూర్చున్న మా ఆవిడ దిగలేదు. కూర్చున్న చోటి నుంచే నాలుగో నంబరు కొట్టును, దాని పక్క మెట్లను, మెట్ల కింద గోడకు బిగించిన కరెంటు మీటర్లను వరసగా చూసింది.

"దిగుతావా, టిక్కెట్టు కొట్టమంటావా?" అన్నాను.

"మీరు కాసేపు నోరు మూసుకుంటే దిగుతాను. లెక్కెడుతున్నాను."

ఆ లెక్క ఏమిటో నాకు చెప్పదు. చెప్తే నలుగురికీ చెప్పేస్తానని ఆమె భయం. ఆ భయం నిజమేనని నేనూ ఒప్పుకుంటాను.

మా ఆవిడ పేరు అమ్మణ్ణి. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఇరవై రెండేళ్ళు దస్తావేజులు రాసింది. రెండేళ్ళుగా డిటెక్టివ్ పని చేస్తోంది. బోర్డు లేదు, విజిటింగు కార్డు లేదు. నా జిరాక్సు షాపులో వెనక బల్లే ఆమె ఆఫీసు. నేను వెంకటరమణమూర్తిని. ఆమెకు డ్రైవర్ని, గుమస్తాని, కోపం వచ్చినప్పుడు ఎదురుగా దొరికే మనిషిని. ఈ మూడు ఉద్యోగాల్లో ఏదీ మానుకోవాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

కేసు ఇదీ. బుల్లమ్మ మూడేళ్ళుగా నాలుగో నంబరులో అరిసెల కొట్టు నడుపుతోంది. బుధవారం మధ్యాహ్నం ఒంటి గంట పది నిమిషాలకు షట్టరు దించి, తాళం వేసి, బెల్లం చూసుకోవడానికి మార్కెట్టుకు వెళ్ళింది. ఒంటి గంట ముప్పై అయిదుకు తిరిగి వచ్చింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల వెనక అలమరలో ఉండాల్సిన రేకు డబ్బా మాత్రం లేదు. ఆ డబ్బాలో ఆమె లీజు దస్తావేజు ఉంది.

కాంప్లెక్సు ఓనరు దేవీప్రసాద్ గారు కింది అంతస్తు మొత్తం ఒక ఫైనాన్స్ కంపెనీకి అద్దెకు ఇవ్వబోతున్నారు. సోమవారం పదకొండింటికి అగ్రిమెంటు. మిగతా మూడు కొట్లవాళ్ళూ ఖాళీ చేసేశారు. బుల్లమ్మ లీజు తొమ్మిదేళ్ళది, ఇంకా ఆరేళ్ళుంది. ఆ లీజు నిలబడితే ఆమె ఇక్కడే ఉంటుంది. లేకపోతే మునగపాక తిరిగి వెళ్ళి చెరకు నరకాలి. ఆమెతోబాటు మునగపాక నుంచి రోజూ ఆటోలో వచ్చి పిండి దంచే ముగ్గురు ఆడవాళ్ళూ అంతే.

లోపలికి వెళ్ళేసరికి బుల్లమ్మ పొయ్యి ముందు ఉంది. ఎడమచేత్తో గరిటె తిప్పుతూ, కుడిచేత్తో పాకం చుక్కను నీళ్ళ పళ్ళెంలో వేసి, బొటనవేలితో ఉండ కడుతుందో లేదో చూస్తోంది.

"కూకోండమ్మా. పాకం మీదున్నాను, లేవకూడదు. ముదిరిపోతే అరిసి రాయయిపోద్ది."

అమ్మణ్ణి సంచీలోంచి కాయితాలు తీసి బల్ల మీద పెట్టింది. "నీ దస్తావేజు ఇదిగో. నిన్న రిజిస్ట్రారాఫీసులో నకలు తీయించేను. రిజిస్టరయిన కాయితం పోయినా పోయినట్టు కాదు బుల్లమ్మా, గవర్నమెంటు దగ్గర ఇంకోటి ఉంటాది."

బుల్లమ్మ కళ్ళు చెమర్చాయి. చేతులు ఖాళీ లేక భుజంతో తుడుచుకుంది. "మరైతే నాను ఉండొచ్చా?"

"ఉండొచ్చు. కానీ నాకు రాత్రి నిద్ర పట్టలేదు. దొంగిలించినా లాభం లేని కాయితాన్ని ఎవడైనా ఎందుకు దొంగిలిస్తాడు? ఆ డబ్బాలో ఇంకేటున్నాయో చెప్పు."

"ఏటుంతాయమ్మా... దస్తావేజు. మా ఆయన ఫోటో. రేషను కార్డు జిరాక్సు. ఆఁ, పోస్టుమేను ఇచ్చిన కవరొకటి."

గరిటె తిరుగుతూనే ఉంది. మా ఆవిడ మాత్రం కదలడం మానేసింది.

"ఏ కవరు?"

"మంగళారం ఇచ్చేడు. పేరు నాదే, నాలుగు పక్కన ఇంకో అచ్చరమేదో ఉంది. నాది కాదేమోనని నానాజీకి ఫోన్ సేసేను. నన్ను అక్కలా అప్పా అంతాడు, నాను తమ్ముడంతాను. కాంప్లెక్సు పనులన్నీ ఆడే సూసుకుంతాడు గదా. ఉంచప్పా, వచ్చి అట్టుకెల్తాను అన్నాడు. నీకెందుకు తమ్ముడూ శ్రమ, ఎల్లుండి మూర్తిగోరి జిరాక్సు కాడికి ఎల్తాను, ఆరే సదివి సెప్తారు అన్నాను."

"ఎన్నింటికి ఫోన్ చేసేవు?"

"దీపాలెట్టే ఏల. ఆరయ్యుంటాది."

మంగళవారం సాయంత్రం ఆరుకి ఫోన్. బుధవారం ఒంటి గంట పది దాటాక డబ్బా మాయం. అమ్మణ్ణి నా వంక చూసింది. నా జిరాక్సు షాపు పేరు చెప్తే ఒక మనిషి దొంగతనానికి దిగాడన్నమాట. ఇరవయ్యేళ్ళ వ్యాపారంలో నాకు దక్కిన మొదటి గౌరవం ఇది.

"నానాజీ ఎక్కడ?" అంది అమ్మణ్ణి.

"నిన్నట్నించీ ఫోన్ ఎత్తట్లేదమ్మా. జొరమొచ్చిందేమో పాపం."

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, గుమ్మంలో మెరిసే బూట్లు కనిపించాయి. బూట్ల మీద ముప్పై ఏళ్ళ కుర్రవాడు, చేతిలో లేజరుతో కొలిచే మిషను. విశాఖపట్నం నుంచి వచ్చిన లోహిత్. కంపెనీల కోసం పరిశోధన చేసే ఏజెన్సీ మనిషి. కొత్తగా అద్దెకు దిగబోయే ఫైనాన్స్ కంపెనీ అతన్ని పంపింది.

"నమస్తే ఆంటీ," అన్నాడు మా ఆవిడతో.

"ఆంటీ అనకు బాబూ. నీకూ నాకూ చుట్టరికం కలిపే కాయితం నేనింకా రాయలేదు."

"సారీ, మేడమ్. మీరు నకలు తెచ్చారని విన్నాను. మంచిదే, నా పని సులువయింది." కాయితం తీసుకుని చివరి పేజీ తిప్పాడు. "షెడ్యూలు చదువుతాను. షాపు నంబరు నాలుగు. సూపర్ బిల్టప్ ఏరియా నాలుగు వందల ఇరవై చదరపు అడుగులు. కార్పెట్ ఏరియా మూడు వందలు. పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల లోతు. నిన్న సాయంత్రం నేను కొలిచాను. లోతు ఇరవై మూడే ఉంది."

"ఇదేటి బాబూ," అంది బుల్లమ్మ. "ఒకపాలి నాలుగొందల ఇరవై అంతారు, ఒకపాలి మూడొందలంతారు. నా కొట్టు ఒకటే గదా!"

లోహిత్ నోరు తెరిచాడు. లోడింగు శాతం అంటూ ఏదో మొదలుపెట్టబోయాడు. అమ్మణ్ణి చెయ్యెత్తి ఆపింది.

"నువ్వాగు. బుల్లమ్మా, గోడకీ గోడకీ మధ్య నువ్వు చాప పరుచుకోగలిగే చోటుంది చూడు, అది కార్పెట్ ఏరియా. నీది మూడొందలు. ఆ గోడల మందం కూడా కలిపితే బిల్టప్పు. దాని మీద మెట్లు, వరండా, మీటర్లుండే చోటు ఉన్నాయి కదా, అవి అందరివీ. అందులో నీ వాటా వేసి కలిపితే సూపర్ బిల్టప్పు, నాలుగొందల ఇరవై. అద్దె నాలుగొందల ఇరవైకి కడతావు, అరిసెలు మూడొందల్లో వండుతావు."

"అయ్యో! మెట్లెక్కని దానికి మెట్లకి అద్దెనా?"

"అంతే. దేశమంతా అంతే."

"అదంతా సరే," అన్నాడు లోహిత్. "పన్నెండు ఇంటూ ఇరవై మూడు, రెండు వందల డెబ్బై ఆరు. ఇరవై నాలుగు చదరపు అడుగులు తక్కువ." వెనక గోడ దగ్గరకు వెళ్ళి వేళ్ళతో కొట్టాడు. గోడ డొల్లగా మోగింది. "ఇది ఇటుక గోడ కాదు, ప్లైవుడ్. మీ బుల్లమ్మగారు ఇక్కడ దొంగ గోడ కట్టించారు. క్లాజు పద్నాలుగు చూడండి. ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా కట్టడంలో మార్పులు చేస్తే..."

"లీజు రద్దు. క్లాజు పద్నాలుగు నాకు చెప్పకు బాబూ. అది రాసింది నేనే."

అతను సంతకం చూసుకున్నాడు. దస్తావేజు రాసినవారు, అమ్మణ్ణి. "అయితే మీరే చెప్పండి. మార్పు జరిగిందా లేదా?"

"జరిగింది."

బుల్లమ్మ గరిటె ఆగిపోయింది. "అమ్మా! నాను గోడ కట్టడమేటి? మా ఊల్లో ఇంటికే గోడ లేదు!"

"జరిగింది అన్నాను. నువ్వు చేసేవనలేదు. గరిటె తిప్పు, పాకం పోద్ది."

ఈ గొంతు నాకు తెలుసు. కోర్టులో వకీలు రెండు పేజీలు మాట్లాడే చోట మా ఆవిడ నాలుగు ప్రశ్నలు వేస్తుంది. నేను గోడకు చేరబడి చూస్తూ కూర్చున్నాను. చూడ్డానికి డబ్బులివ్వాల్సిన పని లేని సరదా నాకు ఇదొక్కటే.

"లీజు మొదలయ్యేక నీకు అద్దె లేకుండా ఒక నెల ఇచ్చేరు, గుర్తుందా?"

"ఔనమ్మా. అలమర్లూ కరెంటూ సేయించుకోడానికి."

"దాన్నే ఫిటౌట్ పీరియడ్ అంటారు," అని లోహిత్ అందుకున్నాడు.

"ఆ నెల తాళం ఎవరి దగ్గరుంది?"

"నానాజీ తమ్ముడి కాడే. ఒడ్రంగుల్ని ఆడే తెచ్చేడు. నాను ఎప్పుడొచ్చినా, రంగు ఆరలేదప్పా, లోనికి రాకు అనేవోడు. దసరా ముందురోజు రాత్రి ఎనిమిదింటికి తాళం సేతికిచ్చేడు. తెల్లారి ఆరూ నలబైకి ముహూర్తం. నేరుగా పాలు పొంగించడానికే వచ్చేను."

"వచ్చి ఏం చేసేవు?"

"ఏటి సేత్తాను! గడపకి పసుపు రాసేను. నాలుగు గోడలకీ పసుపెట్టి కుంకం బొట్లెట్టేను. ఆ రోజు పసుపులో నీల్లు ఎక్కువయ్యి, ఎనక గోడ బొట్టు కిందకి కారిపోనాది. అపశకునమేమోనని ఏడిసేను కూడాను. దేవీప్రసాద్ గోరు, ఏం పర్లేదమ్మా అని రిబ్బను కత్తిరించేరు."

మా ఆవిడ అప్పుడు లేచింది. గల్లా బల్ల మీద గోడకు వేలాడుతున్న ఫోటో దించింది. ప్రారంభోత్సవం ఫోటో. ముందు దేవీప్రసాద్ గారు, కత్తెర, పక్కన కొత్త చీరలో బుల్లమ్మ. వాళ్ళ వెనక ఖాళీ గోడ మీద పసుపు, దాని మీద కుంకుమ బొట్టు, బొట్టు కింద తోకలా కారిన చార. ఫోటో మూలన తేదీ, టైము అచ్చు పడి ఉన్నాయి. ఉదయం ఆరూ నలభై ఎనిమిది.

"అలమర జరపండి," అంది.

నేనూ లోహితూ జరిపాం. అంటే అతను జరిపాడు, నేను నడుము పట్టుకున్నాను. మూడేళ్ళుగా వెలుగు సోకని చోట ప్లైవుడ్ గోడ మీద పసుపు రంగు మాసి ఉంది. దాని మీద ఎండిన కుంకుమ. కింద అదే చార, చివర్న అదే చిన్న వంకర.

"రాత్రి ఎనిమిదికి తాళం అందుకున్న మనిషి పొద్దున్న ఆరూ నలభై లోపల గోడ కట్టించి, రంగేయించి, ఆరబెట్టి, బొట్టు పెట్టగలదా? నువ్వే చెప్పు బాబూ."

లోహిత్ ఫోన్ తీసి దేవీప్రసాద్ గారికి చేశాడు. స్పీకరు పెట్టాడు. ఆ ఒక్క పనికి నాకు ఆ కుర్రాడంటే కాస్త ఇష్టం కలిగింది. దేవీప్రసాద్ గారి గొంతు కంగారుగా వచ్చింది. ఔను, ఆ ఫోటో ఆ రోజుదే. ఔను, ఆ నెల తాళం నానాజీ దగ్గరే ఉంది. గోడ సంగతి తనకు తెలియదు. అద్దె కాయితాల మీద సంతకం పెట్టే అధికారం కూడా నానాజీకే రాసిచ్చారట. ఏం, ఏమైంది బాబూ, అన్నారు.

"మళ్ళీ చేస్తాను సార్," అని పెట్టేశాడు. తర్వాత బుల్లమ్మ వైపు తిరిగి, "తప్పయిపోయిందమ్మా. గోడ మీది కాదు," అన్నాడు.

బుల్లమ్మ ఆకులో రెండు వేడి అరిసెలు పెట్టి అతని చేతికిచ్చింది. "తప్పేటి నాయనా, నీ ఉద్యోగం నువ్వు సేసేవు. తినెయ్, సల్లారిపోతాయి." తప్పు పట్టడానికి వచ్చినవాడికి ముందుగా వడ్డించే మనిషి ఆమె. నాకు మాత్రం ఒకటే ఇచ్చింది. నా షుగరు సంగతి మా ఆవిడ ఊరంతా చాటింది మరి.

పదకొండూ పదిహేను అయింది. ఇక ఇంటికి వెళ్ళొచ్చనుకున్నాను. అమ్మణ్ణి మెట్ల కిందకు వెళ్ళి నిలబడింది.

"బాబూ లోహిత్, ఈ కాంప్లెక్సులో కొట్లెన్ని?"

"కింద నాలుగు, పైన అయిదు. తొమ్మిది."

"మెట్ల దీపాలకీ నీళ్ళ మోటారుకీ ఉమ్మడి మీటరు ఒకటి. పది ఉండాలి. లెక్కెట్టు."

అతను లెక్కపెట్టాడు. నేనూ లెక్కపెట్టాను. పదకొండు. పదకొండో మీటరు కింద చిన్న అక్షరాల్లో రంగుతో రాసి ఉంది: 4-ఎ. దాని మీద ఎర్ర దీపం మినుకుమంటోంది.

"స్కూటరు మీంచి నువ్వు లెక్కెట్టింది ఇదా?" అన్నాను.

"మీరు టిక్కెట్టు కొడతానన్నప్పుడు తొమ్మిదో మీటరు దగ్గరున్నాను. మళ్ళీ మొదట్నించీ లెక్కెట్టాల్సొచ్చింది."

మీటర్ల పక్కన చీపుర్లు, బక్కెట్లు పెట్టే గూడు ఉంది. బక్కెట్లు తీసి వెనక చెక్కను నెడితే లోపలికి తెరుచుకుంది. రెండడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. నా పొట్టకు ఆ కార్పెట్ ఏరియా చాలదు. మా ఆవిడ పక్కకు తిరిగి దూరింది, వెనక లోహిత్. నేను గుమ్మంలో నిలబడి టార్చి పట్టుకున్నాను.

ఎడమ పక్క బుల్లమ్మ కొట్టు ప్లైవుడ్ గోడ. ఇటు నుంచి చూస్తే అందులో ఒక చెక్కకు రెండు గడియలు ఉన్నాయి. గడియలు తీసి చెక్క లాగితే, ఇందాకటిదాకా వెనక చెక్క లేని ఆ అలమర ఉన్న చోటికి చెయ్యి పోతుంది. తాళం పగలకుండా డబ్బా ఎలా పోయిందో తేలిపోయింది. ఆ డబ్బా అక్కడే నేల మీద ఉంది. అమ్మణ్ణి మూత తీసింది. దస్తావేజు ఉంది. ఫోటో ఉంది. రేషను కార్డు జిరాక్సు ఉంది. కవరు లేదు.

"కవరు కోసమే వచ్చేడు," అంది. డబ్బా నా చేతికి అందించి, "ముందు ఆయన ఫోటో బుల్లమ్మకి ఇచ్చేసి రండి," అంది.

నేను ఫోటో ఇచ్చి తిరిగి వచ్చేసరికి ఇద్దరూ లోపలి సామాను చూస్తున్నారు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక చిన్న బల్బు, గోడకు ఆనించిన బోర్డు. బోర్డు మీద కొత్త రంగులు: బుల్లమ్మ బెల్లం ట్రేడర్స్, షాపు నంబరు 4-ఎ.

"మేడమ్," అన్నాడు లోహిత్. అతని గొంతులో ఇందాకటి ధీమా లేదు. "నేను మీకు ఒకటి దాచాను. నన్ను కొలతలకు పంపలేదు. ఈ అడ్రసు మీద ఒక కంపెనీ ఉంది. రెండేళ్ళుగా బిల్లుల మీద బెల్లం అమ్ముతోంది, కొంటోంది. నిజంగా ఒక్క దిమ్మ కూడా కదల్లేదు, అంతా కాయితాల మీదే. పన్నుల ఆఫీసు వాళ్ళు నోటీసులు పంపితే జవాబు లేదు. అద్దెకు తీసుకునే ముందు ఆ కంపెనీ ఎక్కడుందో కనుక్కోమని నన్ను పంపారు. యజమాని పేరు బుల్లమ్మ. అందుకే గోడ కూడా ఆవిడే కట్టించిందనుకున్నాను."

"నోటీసు వచ్చిన కవరే నానాజీ ఎత్తుకుపోయేడు. ఇప్పుడైనా నమ్ముతున్నావా?"

"నేను నమ్ముతున్నాను. కానీ ఇది చూడండి." కుర్చీ మీది ఫైలులోంచి ఒక కాయితం తీశాడు.

పదకొండు నెలల అద్దె అగ్రిమెంటు. రిజిస్టరు చేయనక్కర్లేకుండా ఉండాలని అందరూ రాసుకునే పదకొండు నెలలు. ఓనరు తరఫున నానాజీ సంతకం. అద్దెకు తీసుకున్నవారు బుల్లమ్మ, సంతకం. ఆ సంతకం పక్కన గోధుమ రంగులో ఒక వేలి మరక, దాని అంచును చీమలు కొరికేసి ఉన్నాయి.

మా ఆవిడ ఆ మరకను చాలాసేపు చూసింది. వాసన చూసింది. బయటికి వచ్చి నేరుగా కొట్లోకి నడిచింది. బుల్లమ్మ పొయ్యి మీద రెండో వాయికి బెల్లం కరిగిస్తోంది. భర్త ఫోటోను గల్లా పెట్టె మీద నిలబెట్టి, దానికి ఒక అరిసె పెట్టింది.

"బుల్లమ్మా, ఇది దొంగ సంతకమని చెప్తావా?"

బుల్లమ్మ వంగి చూసింది. "కాదమ్మా. నాదే. ఆ మరకా నా ఏలిదే, పాకం." ఒక్కొక్క మాటా నెమ్మదిగా వచ్చింది. "నానాజీ తమ్ముడు నెల నెలా మెయింటినెన్సు కాయితాలని తెచ్చేవోడు. మెట్లు తుడిసినందుకు, మోటారుకని. సంతకం ఎట్టప్పా అనేవోడు. నా కాడ కల్లద్దాలు లేవు, సేతులు కాలీ లేవు. పాకం వదిలెల్తే ముదిరిపోద్ది గదా. ఎక్కడో సూపించు తమ్ముడూ అని ఎట్టేసేదాన్ని."

"ఎన్నింటికి వచ్చేవాడు?"

"పన్నెండుకి. ఎప్పుడూ రెండో వాయి మీదున్నప్పుడే." ఆమె చేతిలో గరిటె వైపు చూసుకుంది. "ఎప్పుడూ పాకం మీదున్నప్పుడే వచ్చేవోడమ్మా. ఆడికి తెలుసు."

తాళం పగలగొట్టే దొంగను క్షమించగలను. ఒక మనిషి తన పనిలో ఎంత శ్రద్ధగా ఉంటుందో గంట చూసుకుని వచ్చి మోసం చేసేవాణ్ణి నేను క్షమించలేను. పైగా ప్రతిసారీ అరిసెలు తిని వెళ్ళేవాడట.

లోహిత్ ఫోన్ మోగింది. విని పెట్టేశాడు. "దేవీప్రసాద్ గారు. నానాజీ తెల్లవారుజామున కారులో బయల్దేరాడట. పాయకరావుపేటలో టీ తాగుతుంటే ఆయన బంధువు చూశాడు. తుని దాటేసి ఉంటాడు." అతను గడియారం చూసుకున్నాడు. "మేడమ్, ఇంకోటి. పన్నెండింటికి పన్నుల ఆఫీసర్లను నేనే ఇక్కడికి రమ్మన్నాను. బుల్లమ్మగారిని చూపిస్తానని నిన్న మాటిచ్చాను."

"ఆపగలవా?"

"బయల్దేరిపోయారు."

"అయితే ఆపొద్దు. గోడ మీద బొట్టు, గడియలు, డబ్బా, అన్నీ ఫోటోలు తీసిపెట్టు. నువ్వు చూసింది చూసినట్టు వాళ్ళకి చెప్పు. చెప్తావా?"

"చెప్తాను, మేడమ్."

అమ్మణ్ణి బుల్లమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. నాకు తెలిసి ఏ కేసులోనూ ఆమె అలా కూర్చోలేదు. "భయపడకు. లీజు గెలిచేం. ఇది దానికంటే పెద్దది, కానీ దీన్నీ గెలుస్తాం. కాకపోతే ఒక్కటి గుర్తెట్టుకో. ఈ కొట్టు నీది. ఆ ఇరవై నాలుగు అడుగులూ నీవి కావు. ఎవరడిగినా అంతే."

పన్నెండూ అయిదుకు జీపు వచ్చింది. ఇద్దరు దిగారు. ముందున్న ఆయన మర్యాదస్తుడిలాగే ఉన్నాడు, తొందర మాత్రం బాగా ఉంది.

"బుల్లమ్మ ఎవరు?"

"నానే బాబూ."

"సమన్లు అందినట్టు సంతకం కావాలి. ఇక్కడ." కాయితం, పెన్ను రెండూ ఆమె ముందు చాపాడు.

పొయ్యి మీద పాకం నురగ కట్టింది. బుల్లమ్మ అలవాటుగా నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసింది. చుక్క మెత్తని ఉండ అయింది. ఇంక ఒక్క నిమిషంలో పిండి పడకపోతే ఆ వాయి మొత్తం పోతుంది. పిండి దంచే ముగ్గురూ పళ్ళేలు ఎత్తుకుని నిలబడ్డారు. ఆమె చూపు మూకుడు మీదా, కాయితం మీదా పడింది. కుడిచెయ్యి పెన్ను వైపు కదిలింది.

ఆ చెయ్యి పెన్ను దగ్గర ఆగలేదు. పొయ్యి కట్టేసింది.

బుల్లమ్మ చెంబులో నీళ్ళు వొంపుకుని రెండు చేతులూ కడుక్కుంది. వేలు వేలునా పాకం వదిలేదాకా రుద్దింది. కొంగుతో తుడుచుకుని పీట మీద సర్దుకుని కూర్చుంది.

"ముందు సదవండి బాబూ. నాకు తెలిసేదాకా సదవండి."

ఆఫీసరు మా అందరి వంకా చూసి, కాయితం ఎత్తి చదివాడు. షాపు నంబరు 4-ఎ, బుల్లమ్మ బెల్లం ట్రేడర్స్ యజమాని అయిన శ్రీమతి బుల్లమ్మ సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఆఫీసులో హాజరు కావలెను.

"ఆగండి," అంది బుల్లమ్మ. మా ఆవిడ వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. "సోమారం వత్తాను. అడిగినవన్నీ సెప్తాను. కానీ నాది నాలుగో నెంబరు. నాలుగు పక్కన అచ్చరం నాది కాదు, ఆ బోర్డు నాది కాదు. అలాగని నా సంతకం పైన రాయండి. ఎడతాను."

ఆఫీసరు జేబులోంచి తన పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాడు. అమ్మణ్ణి వంగి ఒక్కొక్క అక్షరమూ చూస్తోంది. మూకుడులో పాకం గట్టిపడిపోయింది. దాని వంక ఎవరూ చూడలేదు.